హీరో మారినా గది మారదు

1962లో వచ్చిన తొలి జేమ్స్ బాండ్ సినిమా ‘డాక్టర్ నో’లో దాదాపు ఖాళీగా ఉండే ఒక గది ఉంది. ఒక కుర్చీ, ఒక బల్ల. పైకప్పులో పెద్ద గుండ్రటి కంత, దానికి ఇనుప చువ్వలు. ఆ చువ్వల నీడ వలలా గదంతా పరుచుకుని ఉంటుంది. విలన్ దగ్గర పనిచేసే ఒకడు వచ్చి కూర్చుంటాడు. విలన్ కనిపించడు, గొంతు మాత్రం వినిపిస్తుంది. ఆ గొంతు వెనకున్నవాడు ఎంతటివాడో మనకు అక్కడే అర్థమైపోతుంది. డబ్బులు అయిపోవచ్చాక, మిగిలిన కాస్తలో వేసిన సెట్టు అది.

నల్లగొండ పల్లెల్లో బాగోతం చూసినవాళ్లకు ఇది కొత్త కిటుకేం కాదు. రోలు బోర్లిస్తే సింహాసనం. రాజు దాని మీద కూర్చోగానే వాకిలి కాస్తా కొలువు అయిపోతుంది. కాకపోతే బాగోతంలో రోలుకు విలువ తెచ్చేది రాజు. బాండ్ సినిమాల్లో రాజులు మారుతూనే ఉన్నారు, 2021 దాకా వచ్చిన 25 సినిమాల్లో ఆరుగురు హీరోలు. అక్కడ కథను మోసింది రోలే, అంటే సెట్టే.

ఆ రోలును చెక్కినవాడు కెన్ ఆడమ్. 1921లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టి, నాజీలు వచ్చాక ఇంగ్లండ్ చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానం నడిపాడు. ఏడు బాండ్ సినిమాలకు ప్రొడక్షన్ డిజైనర్, అంటే సెట్లకు రూపం ఇచ్చేవాడు. ‘గోల్డ్‌ఫింగర్’ (1964) కోసం అమెరికా ప్రభుత్వ బంగారు ఖజానా ఫోర్ట్ నాక్స్ లోపలికి ఆయన్ను పోనివ్వలేదు. అదే మంచిదైంది. నిజం ఖజానాలో బంగారాన్ని ఇంటి కప్పంత ఎత్తు పేర్చరు, ఆ బరువుకు అది కుదిరే పని కాదు. ఆడమ్ మాత్రం జైలు ఊచల వెనక బంగారు గోడలే లేపాడు. ప్రేక్షకుడు నమ్మేది ఉన్నదాన్ని కాదు, ఉండాలనుకున్నదాన్ని. ఆడమ్‌కు ఈ సంగతి బాగా తెలుసు.

ఇక ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ (1967)లో అగ్నిపర్వతం కడుపున విలన్ స్థావరంగా వేసిన సెట్టు. సుమారు 700 టన్నుల ఉక్కు, దాదాపు 10 లక్షల డాలర్ల ఖర్చు. ఇంచుమించు అంత డబ్బుతోనే మొదటి బాండ్ సినిమా మొత్తం తీశారు. సరిగ్గా అదే ఏడాది ఇక్కడ నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. సాగర్ కట్ట మీద నిలబడి కిందికి చూసినవాడికి ఆ అగ్నిపర్వతం అంత వింతగా అనిపించదు. కానీ కొండ కడుపులో ఇంత కట్టడాన్ని ఎవరు కట్టారు, వాళ్లకు కూలి ఎవరిచ్చారు అన్న అనుమానం మాత్రం, ఆనకట్టలు కడుతూ దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్‌కే వస్తుంది. సినిమాకు రాదు.

అలాంటి కొండ కడుపు మనకూ ఉంది. నల్లమలలో దోమలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. 2020 ఆగస్టులో అక్కడ మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. తెర మీద అగ్నిపర్వతం పేలితే చప్పట్లు కొడతాం. ఆడమ్ సెట్లలో మనిషి చీమంత కనిపిస్తాడు, ఆ కొలతలోనే ఒక క్రూరత్వం ఉంది. 1979 నాటి ‘మూన్‌రేకర్’ వచ్చేసరికి ఆ కొలత కథనే మింగేసిందని నా అభిప్రాయం.

అయితే ఈ వరుసను కలిపి ఉంచింది ఇంత పెద్ద సెట్లేనా అంటే, కాదంటాను. లండన్‌లో బాండ్ పై అధికారి గది ఒకటుంది. తోలు కుట్టిన తలుపు, చెక్క గోడలు, బయట సెక్రటరీ బల్ల, టోపీ తగిలించే స్టాండు. విలన్ గదులన్నీ రేపటివి, సర్కారు గది మాత్రం నిన్నటిది. ఆ రెంటి మధ్య హీరో తిరుగుతుంటాడు. 2012లో ‘స్కైఫాల్’ చివర్లో ఆ తోలు తలుపు మళ్లీ కనిపించినప్పుడు పాత అభిమానులకు ఒళ్లు జలదరించడానికి కారణం ఏ హీరో కాదు, ఒక తలుపు. ఈ పనితనం చేతులు మారిన తీరు కూడా అలాంటిదే. 1964లో నక్షాలు గీసేవాడిగా చేరిన పీటర్ లామాంట్ 2006 దాకా ఈ సినిమాలకు పనిచేశాడు.

మనకు 1966లోనే కృష్ణ ‘గూఢచారి 116’ ఉంది. ఆ తర్వాతా గూఢచారి సినిమాలు వస్తూనే ఉన్నాయి. చాలావాటిలో హీరో గుర్తుంటాడు, పాటలు గుర్తుంటాయి. పై అధికారి గది ఎలా ఉందో చెప్పమంటే తల గోక్కుంటాం. గోడకో ప్రపంచపటం, నాలుగు కంప్యూటర్లు, ఎవరిదైనా కావచ్చు. దీనికి బడ్జెట్ సాకు చెల్లదు, చువ్వల నీడ గది సంగతి మొదట్లోనే చెప్పాను.

నన్నడిగితే మన గూఢచారి సిరీస్‌కు నల్లగొండలోనో పాలమూరులోనో పాత సర్కారు ఆఫీసు లాంటి గది చాలు. కిర్రుమనే ఫ్యాను, తలుపు సరిగా పడని ఇనుప బీరువా, టేకు కుర్చీ, దాని వీపున తెల్ల తువ్వాలు. మూడో సినిమాలో ఆ కుర్చీలో వేరే ఎవరు కూర్చున్నా సరే, తువ్వాలు మాత్రం అదే ఉండాలి, అంచులు కాస్త చిరిగినా ఫర్వాలేదు.