కొండమీద చెరువుకు ముందు గ్రామసభ

మా ఇంట్లో పెద్దవాళ్లు ఉత్త కరెంటు అనేవారు కాదు, 'మాచ్‌ఖండ్ కరెంటు' అనేవారు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో 1955లో మొదలైన ఆ జలవిద్యుత్ కేంద్రం కోసం జోలాపుట్‌లో డ్యామ్ కట్టి 34 టీఎంసీల నీళ్లు నిలబెట్టారు. దాదాపు 3 వేల కుటుంబాలు నిర్వాసితులయ్యాయి, అందులో సగం గిరిజనులవే. విజయనగరంలో దీపం వెలిగిన ఆ రోజుల్లో వాళ్లనెవరూ అడగలేదు.

ఇప్పుడు సాలూరు కొండల వంతు వచ్చింది. కురుకుట్టి దగ్గర 1,200, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు, అంటే నీళ్లు పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసేవి, తలపెట్టారు. 2022లో ఈ కొండలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి గానీ, సంతకు దిగే దారి మారలేదు. గ్రామసభ ఒప్పుకోనిదే అక్కడ ఒక్క గునపం కూడా దిగకూడదు.

సోలార్ కరెంటును సాయంత్రానికి దాచాలంటే ఇదే దారి అని సమర్థించేవారు అంటారు. పైనొక చెరువు, కిందొక చెరువు, అవే నీళ్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, జోలాపుట్ అంత ముంపు ఉండదు అంటారు. నిజమే, ముంపు తక్కువే. కానీ ఆ తక్కువలో ఎవరి బతుకు ఉందన్నదే నా ప్రశ్న.

కొండమీద ఒక ఇల్లాలి ఏడాది ఎలా గడుస్తుందో చూడండి. ఎండాకాలం జీడిపిక్కలు ఏరుతుంది. చింతపండు కొట్టి, గింజ తీసి, ముద్ద కడుతుంది. కొండచీపుర్లు మోపుగట్టి నెత్తిన పెట్టుకుని సంతకు దిగుతుంది. ఆమె సాగుచేసే పోడుకు, అంటే కొండవాలు సాగు భూమికి, పట్టా ఉంటే పరిహారం లెక్కగడతారు. లేకపోతే రికార్డుల్లో అది అడవి, ఆమె అక్కడ లేనట్టే. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. అయినా కాగితం చేతికి రానివాళ్లు ఇంకా ఉన్నారు.

అసలు అన్యాయం ఇంకోటి ఉంది. ఉమ్మడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గిరిజనులే ఉండే ఎన్నో ఊళ్లు గిరిజన ప్రాంతాలకు రాజ్యాంగం రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూల్‌కు నేటికీ బయటే ఉన్నాయి. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వాటికి వర్తించదు, గ్రామసభకు అధికారమిచ్చే పీసా చట్టం వర్తించదు. గెడ్డకు (వాగుకు) ఇవతల, షెడ్యూల్‌లో ఊరుంటే భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలి, అవతల, షెడ్యూల్ బయట ఉంటే పీసా కింద ఆ బాధ్యతే లేదు. రెండు ఊళ్లదీ ఒకే భాష, ఒకే పండగ, ఒకే పోడు. ఎన్నికలు ఎన్ని వచ్చినా ఈ గీత చెరగలేదు. చెరువుల కన్నా ముందు తేల్చాల్సింది ఇదే.

పార్వతీపురంలో రైలెక్కితే ఒడిశాలోని రాయగడ ఎంతో దూరం కాదు. అక్కడి నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే చెప్పాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలనలో 12 ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి, తవ్వకం ఆగింది.

మనకూ అలాంటి సభలే కావాలి. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో కాదు, ఊళ్లోనే జరగాలి. మ్యాపు నేలమీద పరిచి, నీళ్లు ఏ చెట్టు దాకా వస్తాయో వాళ్ల భాషలో చెప్పాలి. సంత రోజు మాత్రం పెట్టకూడదు. ఆ రోజు ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పసిపిల్లలే.