పదాలు మింగిన సెర్చ్ బాక్స్

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు వెబ్ పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో ఓ సెర్చ్ బాక్స్ తయారుచేశాడు. కింద తెలుగు పదాల జాబితా, పైన ఓ డబ్బా. డబ్బాలో ఏం టైప్ చేస్తే అది ఉన్న పదాలే కింద మిగలాలి. జాబితాను వడకట్టే ఫిల్టర్ అనే మెథడ్ 2009 నాటి ప్రమాణం నుంచీ భాషలోనే ఉంది కాబట్టి పెద్ద పనేం కాదు. డెమోకి మేనేజర్ గారు వచ్చి కూర్చునేదాకా కుర్రాడి ముఖం వెలిగిపోతూనే ఉంది.

సార్ "క" కొట్టారు. కలం, కన్ను, కాలు, ఆకు మిగిలాయి.

"ఆకు ఎందుకొచ్చిందయ్యా?"

"లోపల క ఉంది కదా సార్. ఇన్‌క్లూడ్స్ వాడాను, ఎక్కడున్నా పట్టేస్తుంది. మొదట్లో ఉన్నవే కావాలంటే స్టార్ట్స్‌విత్ పెడతాను."

సార్ తలూపి "కన్ను" పూర్తిచేశారు. కన్ను ఒక్కటే మిగిలింది. బాగుంది. ఇక చెరపడం మొదలుపెట్టారు. చూడ్డానికి రెండక్షరాలే అయినా కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ లెక్కలో క, న, పొల్లు, మళ్లీ న, చివర కొమ్ము, మొత్తం అయిదు. బ్యాక్‌స్పేస్ టకటకా మోగింది. డబ్బా ఖాళీ అయింది. కింద మాత్రం కన్ను ఒక్కటే మావైపు చూస్తోంది.

"మిగతావేవీ?"

కుర్రాడు నీళ్లు నమిలాడు. సార్ "చెట్టు" కొట్టారు. ఆ కన్ను కూడా మూసుకుపోయింది.

పాపం ఫిల్టర్‌ది ఏ తప్పూ లేదు. అది అసలు జాబితాను ముట్టుకోదు, సరిపోయిన పదాలతో కొత్త జాబితా చేసి చేతికిస్తుంది. కుర్రాడు దాన్ని తీసుకెళ్లి పాత జాబితా పేరుమీదే రాసేశాడు. ఇంకేముంది, ఒక్కో అక్షరానికీ కొన్ని పదాలు గల్లంతు.

అసలు జాబితాను పక్కన భద్రంగా పెట్టి, ప్రతిసారీ దాన్నుంచే వడకట్టేలా అక్కడికక్కడే మార్చాడు. ఈసారి డబ్బా ఖాళీ చేయగానే పదాలన్నీ తిరిగొచ్చాయి. ఏ పదంలోనైనా ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని పదం, ఉన్నట్టే లెక్క, అందుకని వచ్చాయి. కుర్రాడు మాత్రం అదంతా తన ముందుచూపే అన్నట్టు కాలర్ సర్దుకున్నాడు.

సార్ ఊరుకుంటారా? ఫోన్ తీశారు. కీబోర్డు సూచించిన పదం మీద నొక్కితే వెనకాలే ఓ స్పేస్ తగిలించింది. ఫలితాలు సున్నా. అటూ ఇటూ ఉన్న స్పేస్‌లను కత్తిరించే ట్రిమ్ పెట్టడంతో ఆ గండం గడిచింది. అప్పుడు "సాఫ్ట్వేర్" అని కొట్టారు. మళ్లీ సున్నా.

"జాబితాలో ఉందిగా, ఇదిగో, సాఫ్ట్‌వేర్!"

"అందులో ట్ తర్వాత, వే ముందు ఇంకో క్యారెక్టర్ ఉంది సార్. వకారం వత్తుగా మారకుండా అడ్డుకుంటుంది. దానికి వెడల్పు ఉండదు."

"వెడల్పు లేకుండా ఎలా ఉంటుందయ్యా?"

"ఉంటుంది సార్, కనిపించదంతే."

"అలాంటివాళ్లు మన టీమ్‌లోనూ ఇద్దరున్నార్లే. మరి వాటినేం చేస్తావు?"

"డబ్బాలో, జాబితాలో రెండువైపులా రిప్లేస్ చేసి పారేస్తాను సార్."

గదిలో వెనక కూర్చున్న ఇద్దరు గబుక్కున ల్యాప్‌టాప్‌లు తెరిచారు.