మెర్క్యురీ జ్ఞానదేవుడు కాదు మహాప్రభో, సంత దేవుడు

ఎవరు మొదలుపెట్టారో గానీ ఆ వాట్సాప్ ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. "మెర్క్యురీ అంటే వేగానికీ మేధస్సుకీ అధిదేవత, మన బుధుడే రోమ్‌కి వెళ్లి మెర్క్యురీ అయ్యాడు" అని. పిల్లల పేర్ల సైట్లలో అదే పాట, కొత్త కంపెనీలవాళ్లు తమ పేరు గొప్ప చెప్పుకునే చోటా అదే పాట. చదివి చదివి విసుగొచ్చి ఇది రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపికున్నవాళ్లు చదవండి.

మెర్క్యురీ పాత రోమన్ల దేవుడు. వాళ్ల భాష లాటిన్‌లో ఆయన పేరు మెర్కురియుస్. ఆ భాషలో మెర్క్స్ అంటే అమ్మకానికి పెట్టిన సరుకు, మెర్కాటోర్ అంటే వర్తకుడు, మెర్కాటుస్ అంటే సంత. మనం రోజూ అనే మార్కెట్ ఆ ఇంటి పిల్లే. దేవుడి పేరు మూలం రోమన్ల పక్కనే ఉండిన ఎట్రుస్కన్లు అనే పాత జాతి దగ్గర ఉండొచ్చని కొందరు పండితులు అంటారు గానీ, రోమన్లు మాత్రం సరుకు నుంచే వచ్చిందనుకున్నారు. అనుకోవడమే కాదు, ఆయన్ని అలాగే చూసుకున్నారు. జ్ఞానం, ధ్యానం ఏమీ లేవు. బేరం, లాభం, దారి ఖర్చులు, మాటకారితనం. గ్రీకుల దేవుడు హెర్మీస్ కథలన్నీ తెచ్చి ఈయనకు తగిలించాక కూడా చేతిలో డబ్బు సంచి వదల్లేదు.

రోమ్‌లో ఈయన గుడి క్రీ.పూ. 495లో వెలిసింది, సర్కస్ మాక్సిమస్ అనే రథాల పందేల మైదానం పక్కన. ప్రతిష్ఠ నేను చేస్తానంటే నేను చేస్తానని ఇద్దరు కాన్సుల్స్ (ఏడాదికోసారి ఎన్నికయ్యే పాలకులు), అప్పియస్ క్లాడియస్, సర్విలియస్, తగువులాడుకున్నారని చరిత్రకారుడు లివీ రాశాడు. భక్తి పొంగిపోయి కాదండోయ్. ప్రతిష్ఠ ఎవరు చేస్తే వాళ్లకే ధాన్యం సరఫరా చూసే అధికారం, వర్తకుల సంఘం పెట్టే అధికారం. తేల్చలేక సెనేట్ ఆ నిర్ణయాన్ని ప్రజలకు వదిలేసింది. అప్పటికి అప్పుల కింద నలిగిపోయి ఉన్న జనం ఇద్దరినీ పక్కన పెట్టి, మార్కస్ లెటోరియస్ అనే ఒక సైనికాధికారికి ఆ గౌరవం ఇచ్చారు. అతను గొప్పవాడని కాదు, కాన్సుల్స్ మొహం మీద కొట్టడానికి. సంత దేవుడి గుడికి ఇంతకంటే తగిన ప్రారంభోత్సవం ఉంటుందా?

నాకు అన్నిటికంటే నచ్చింది మే 15 పండగ. ఓవిడ్ అనే కవి తన ఫాస్తి కావ్యం అయిదో భాగంలో దాన్ని కళ్లకు కట్టినట్టు చెప్పాడు. పోర్టా కపేనా అనే నగర ద్వారం దగ్గర మెర్క్యురీ పేరు మీద ఒక నీటి ఊట ఉండేది. వర్తకుడు అంగీ ఎగ్గట్టుకుని, శుద్ధి చేసుకుని, ధూపం పట్టిన కుండతో ఆ నీళ్లు తెచ్చుకుంటాడు. లారెల్ కొమ్మ అందులో ముంచి సరుకు మీద చల్లుతాడు, తన జుట్టు మీదా చల్లుకుంటాడు. ఇక్కడిదాకా మన షాపుల్లో జరిగే పూజే కదా అనిపిస్తుంది. ఇప్పుడు ప్రార్థన వినండి. స్వామీ, పోయిన రోజుల్లో నేనాడిన అబద్ధాలు కడిగెయ్. నిన్ను సాక్షిగా పెట్టి దొంగ ఒట్లు వేశాను, దేవుళ్ల రాజు జూపిటర్ వినడులే అని ఆయన పేరు మీదా వేశాను, అవన్నీ గాలికి కొట్టుకుపోనీ. రేపు మళ్లీ దొంగ ఒట్లు వేసుకునే వీలు ఇవ్వు, నేనేం మాట్లాడినా దేవుళ్లు పట్టించుకోకుండా చూడు. లాభం ఇవ్వు, ఆ లాభం చూసుకుని మురిసిపోయే సుఖం ఇవ్వు, కొనేవాణ్ని బోల్తా కొట్టించానన్న ఆనందం ఇవ్వు!

పైనుంచి మెర్క్యురీ నవ్వుతాడట, తాను అపోలో దేవుడి ఆవుల్ని కాజేసిన సంగతి గుర్తొచ్చి.

ఓవిడ్ వెటకారం జోడించాడు, ఒప్పుకుంటా. కానీ వినేవాళ్లకు తెలియని దేవుడి మీద వెటకారం పేలదు. ఆ జోకు పేలిందంటే మెర్క్యురీ అంటే ఎవరో ఊరందరికీ తెలుసన్నమాట. మనం దీపావళికి లెక్కల పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి లక్ష్మీదేవికి దండం పెడతాం గానీ, "అమ్మా, నిన్న తూకంలో కొట్టేశాను, రేపూ కొట్టనివ్వు" అని పైకి అనం. మనసులో ఏముందో నాకు తెలీదు. రోమన్ల నిజాయితీ అక్కడే. వ్యాపారంలో మోసం ఉంటుందని ఒప్పుకుని, దానికో దేవుణ్ని పెట్టుకుని, ఆయన కూడా దొంగేనని చెప్పుకున్నారు. అలాంటి పేరుని తీసుకొచ్చి మేధస్సు, పవిత్రత అంటూ పాలిష్ కొడితే నాకు ఒళ్లు మండుతుంది.

ఇటలీలోని పాంపేయి అనే పాత ఊళ్లో వెరికుండస్ అనే ఉన్ని బట్టల వ్యాపారి దుకాణం ముందు గోడ మీద ఈ దేవుడి బొమ్మ ఉంది. చేతిలో డబ్బు సంచి, గుళ్లోంచి బయటికి వస్తున్నట్టు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కప్పేయబట్టి మిగిలింది. జ్ఞానదేవుడైతే బట్టల కొట్టు ముందు సంచి పట్టుకుని ఏం చేస్తున్నాడు? హోరేస్ కవి రాసిన డమాసిప్పస్ అనే పాత్ర సంగతీ అంతే. తోటలు, ఇళ్లు లాభానికి కొనడంలో తన తెలివి చూసి వీధి కూడళ్లలో జనం తనకు "మెర్క్యురియాలిస్" అని పేరు పెట్టారని చెప్పుకుంటాడు. అంటే రియల్ ఎస్టేట్‌లో ఆరితేరినవాడని!

ఆ తర్వాత పేరు ఎక్కడెక్కడికో పోయింది. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) ప్రజలు అందరికంటే ఎక్కువగా మెర్క్యురీనే కొలుస్తారని రోమన్ సేనాని సీజర్ రాశాడు. వాళ్ల దేవుడికి వేరే పేరు ఉండే ఉంటుంది, ఈయన రోమన్ పేరు తగిలించేశాడు. జర్మన్ల దేవుడు వోడెన్‌కీ అదే గతి, అందుకే ఫ్రెంచివాళ్లకు మెర్క్రెది అయిన రోజు ఇంగ్లిష్‌వాళ్లకు వోడెన్ పేరుతో వెడ్నెస్‌డే అయింది. అంటే కనిపించిన ప్రతి దేవుణ్నీ "మావాడే" అనేయడం మన వాట్సాప్ కనిపెట్టింది కాదు, రోమన్లు రెండు వేల ఏళ్ల కిందటే చేశారు. వాళ్లు చేసినా అది తప్పే.

ఇంగ్లిష్‌లో పాదరసం పేరూ మెర్క్యురీయే, ఆ లోహం కథ ఇంకా తమాషా. రోమన్లు పాదరసాన్ని మెర్క్యురీ అననేలేదు. ప్రాణమున్న వెండి అనేవాళ్లు. రసాయనశాస్త్రంలో పాదరసానికి వాడే హెచ్‌జీ అనే గుర్తు కూడా నీటి వెండి అనే అర్థమున్న హైడ్రార్జిరమ్ నుంచి వచ్చింది. ఏడు గ్రహాలకు ఏడు లోహాలు పంచే రసవాదులు బంగారం సూర్యుడికి, వెండి చంద్రుడికి, ఇనుము మార్స్‌కి ఇచ్చి, చేతికి చిక్కకుండా జారిపోయే దీన్ని మెర్క్యురీకి అంటగట్టారు. మిగతా లోహాలన్నీ గ్రహాల పేర్లు వదిలించుకున్నాయి, ఇదొక్కటే అంటిపెట్టుకుంది. ఇప్పుడు బుధుడే మెర్క్యురీ అనేవాళ్లు చెప్పండి. మన రసశాస్త్రంలో పాదరసం ఎవరిది? శివుడిది. గంధకం పార్వతిది. శ్రీశైలం చుట్టూ తిరిగే నాగార్జునుడి రసవాద కథల్లోనూ బుధుడికి పని లేదు. అక్కడివాడూ ఇక్కడివాడూ ఒకడే అయితే ఈ ఆస్తి మాత్రం శివుడి పేరున ఎందుకుంది?

ఇక డాక్టర్లు. రెండు పాములు చుట్టుకుని, పైన రెక్కలున్న కర్ర మెర్క్యురీది. అది దూతలు పట్టుకునేది. వైద్య దేవుడు ఎస్కులాపియస్ కర్రకు ఒకటే పాము, రెక్కలుండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జెండా మీద ఉన్నది అదే. 1902లో అమెరికా సైన్యం వైద్య విభాగం రెండు పాముల కర్రను బ్యాడ్జిగా పెట్టుకుంది, అక్కడినుంచి ఈ గందరగోళం బాగా ముదిరింది. మన ఊళ్లలో మందుల షాపుల బోర్డుల మీద, డాక్టర్ల కార్ల అద్దాల మీద ఎంతమంది దాన్ని అంటించుకుని తిరుగుతున్నారో చూడండి. వర్తకులకూ దొంగలకూ దేవుడు, పైగా చచ్చిపోయినవాళ్ల ఆత్మల్ని పాతాళానికి దిగబెట్టే డ్యూటీ కూడా ఆయనదే. కొన్ని ఆస్పత్రుల బిల్లులు చూశాక మాత్రం ఆ గుర్తు తీసేయమని అడగబుద్ధి కాదు.

మెర్క్యురీ రెట్రోగ్రేడ్, అంటే బుధ గ్రహం వెనక్కి నడుస్తోంది కాబట్టి మీ పనులు చెడతాయి అని చెప్పే రీల్స్ గురించి ఒక్క ముక్క. గ్రహం వెనక్కి నడవదు, మనకలా కనిపిస్తుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి మూడు వారాల పాటు. మీ ల్యాప్‌టాప్ పాడవడానికి టీ ఒలకబోసుకోవడం చాలు.

"మరి బుధుడూ వ్యాపార కారకుడే కదా, అదెలా కలిసింది?" అని అడుగుతారని తెలుసు. మంచి ప్రశ్నే. బుధుడి పుట్టుక కథ వేరు, ఆయన తారకు చంద్రుడి వల్ల పుట్టినవాడు. ఆవుల దొంగతనం లేదు, డబ్బు సంచి లేదు. కలిసింది గ్రహం దగ్గర, జ్యోతిషం దగ్గర. ఏ రోజుకు ఏ గ్రహమో తేల్చే హోర లెక్క గ్రీకుల వైపు నుంచి వచ్చింది, హోర అనే మాటతో సహా. యవనజాతకం అనే సంస్కృత గ్రంథానికి పేరులోనే యవనులు, అంటే గ్రీకులు, ఉన్నారు. తేదీతో పాటు వారం పేరు కనిపించే మన తొలి శాసనాల్లో ప్రసిద్ధమైనది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ శాసనం, క్రీ.శ. 484, గురువారం. అప్పటికే పాంపేయి గోడ మీద ఏడు గ్రహాల వారాలు రాసి, ఆ గోడ బూడిదలో పడి నాలుగు వందల ఏళ్లు దాటింది. కాబట్టి బుధుడు రోమ్ వెళ్లి మెర్క్యురీ అయ్యాడని ఫార్వర్డ్ చేసేముందు టికెట్ ఏ వైపు నుంచి ఏ వైపుకి కొన్నారో ఒకసారి చూసుకోండి. బుధవారం షాపు ఓపెనింగ్ పెట్టుకున్నవాళ్లు మాత్రం నిశ్చింతగా ఉండండి, ఆ విషయంలో రెండు వైపులా ఒకే మాట.