ఓడెక్కితే ఎగుమతి, కంచంలో పడితే కేసు

2024-25లో మన దేశం నుంచి గేదె మాంసం 12 లక్షల టన్నులకు పైనే బయటి దేశాలకు పోయింది, సుమారు 400 కోట్ల డాలర్లు వచ్చాయి. ఎగుమతుల సంస్థ అపెడా పద్దుల్లో బాస్మతి బియ్యంతో పాటు గొప్పగా చెప్పుకునే సరుకు ఇది. మంచిదే, డాలర్లొస్తే మాకేం కడుపుమంట లేదు. మా కోపమల్లా ఇదే మాంసాన్ని దేశంలో తినేవాడి దగ్గరికొచ్చేసరికి ఇదే సర్కారు అసలు అలాంటి తిండే లేనట్టు మొహం తిప్పేసుకోవడం మీద. ఈ రెండు నాలుకల యవ్వారం పదేళ్ళకు పైగా చూస్తున్నాం.

2014 ఎన్నికల్లో నరేంద్ర మోదీ ఊరూరా 'పింక్ రెవల్యూషన్' (మాంసం ఎగుమతుల జోరు) అంటూ కాంగ్రెస్‌ని దులిపేసిన సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆయన ప్రధాని అయిన మొదటి ఏడాదే ఎగుమతులు దాదాపు 478 కోట్ల డాలర్లకు చేరాయి, అప్పటికి అది రికార్డు. తర్వాత కొంచెం తగ్గింది గానీ ఎవరూ ఆపలేదు, ఆపే ఆలోచన కూడా చేయలేదు.

పోయేది ఎముక తీసిన గేదె మాంసమే, ఆవు, ఎద్దు, దూడ మాంసం ఎగుమతికి నిషేధం ఉంది కదా అంటారు, నిజమే. ఆవు మీద కోట్లమందికి భక్తి ఉంది, రాజ్యాంగంలో ఆవుల్ని, దూడల్ని కోయనివ్వొద్దని చెప్పే 48వ అధికరణం ఉంది, గుజరాత్ పెట్టిన గోవధ నిషేధాన్ని 2005లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, అదీ కాదనం. మరి గేదె సంగతేంటి? 2017 మేలో కేంద్రం తెచ్చిన పశువుల సంతల రూల్స్‌లో, వధకు అమ్మకూడదనే లిస్టులో ఆవు, ఎద్దుతో పాటు గేదెని కూడా ఎందుకు ఎక్కించారు? మద్రాస్ హైకోర్టు స్టే ఇచ్చి, జులైలో సుప్రీంకోర్టు ఆ స్టేని దేశమంతా వర్తింపజేస్తే గానీ వెనక్కి తగ్గలేదు. కర్ణాటకలో బీజేపీ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం 13 ఏళ్ళు నిండని గేదెను కోయకూడదు. మహారాష్ట్ర 2015లో ఎద్దుల్ని కూడా నిషేధంలోకి లాగి, బయటి రాష్ట్రం నుంచి తెచ్చుకున్న మాంసం ఇంట్లో ఉన్నా నేరమే అంది, ఆ ముక్క మాత్రం మరుసటేడు బాంబే హైకోర్టు కొట్టేసింది. అదే మహారాష్ట్ర నవాశేవా పోర్టు నుంచి ఫ్రోజెన్ కంటైనర్లు మాత్రం హాయిగా కదులుతూనే ఉన్నాయి.

ఎగుమతి ప్లాంటులో పని ఎలా ఉంటుందో తెలుసా? కోయకముందు పశువుల డాక్టర్ చూడాలి, కోశాక మళ్ళీ చూడాలి, గాలికుంటు వైరస్ మిగలకుండా 24 గంటలు చిల్లర్‌లో వేలాడదీసి, మాంసం పీహెచ్ (పులుపు కొలత) 6 కంటే కిందికి దిగిందో లేదో కొలిచి, ఎముకలు, గ్రంథులు తీసేసి, మైనస్ 18 డిగ్రీలకు గడ్డకట్టించి, 20 కిలోల అట్టపెట్టెల్లో పెట్టి పంపిస్తారు. వియత్నాం వాడికి, మలేషియా వాడికి, ఈజిప్టు వాడికి ఇంత మర్యాద. ఇక్కడ పెద్దకూర తినేవాడికో? తెల్లారుజామున ఏ నాలా పక్కనో, ఏ ఇంటి వెనకో కోసి, డాక్టర్ లేడు, స్టాంపు లేదు, ఐస్ లేదు, గోనెసంచి కప్పి బండి మీద తెచ్చి, బోర్డు లేని కొట్లో పరదా వెనక తూకం. కొట్టువాడు శుభ్రత తెలియక ఇలా చేయట్లేదు, చాలా మున్సిపాలిటీల్లో లైసెన్స్ అడిగితే ఫైలు కదలదు, లైసెన్స్ లేదని రెయిడ్ మాత్రం వెంటనే జరుగుతుంది. మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉన్నది మన హైదరాబాద్ చెంగిచెర్లలోనే, శుభ్రంగా ఎలా కోయాలో, ఎలా దాచాలో దేశానికంతా చెప్పేది వాళ్ళే. ఆ జ్ఞానం ఊళ్ళో కొట్టుదాకా రాకుండా అడ్డం పడేది రాజకీయం.

లెక్కల్లోనూ ఇదే దొంగాట. కేంద్ర పశుసంవర్ధక శాఖ ప్రకారం 2023-24లో దేశంలో మొత్తం మాంసం 102 లక్షల టన్నులు, అందులో సగం కోడి, గేదె 18 శాతం, ఆవు, ఎద్దు కలిపి రెండున్నర శాతం చిల్లర. అంటే పెద్దకూర అంతా కలిపి 21 లక్షల టన్నులు. అందులోంచి ఎగుమతి తీసేయండి, ఎముకతో లెక్కేస్తే అదే 15 లక్షలు దాటుతుంది, ఇక దేశానికి మిగిలేదెంత? 2011-12 జాతీయ శాంపుల్ సర్వేలోనే ఇది తింటున్నామని చెప్పినవాళ్ళు సుమారు 8 కోట్లమంది తేలారు, వాళ్ళలో కోటికి పైగా హిందువులు, అందులోనూ ఎక్కువమంది దళితులు, ఆదివాసీలు. వీళ్ళంతా గాలి తింటున్నారా? అమెరికా వ్యవసాయ శాఖ మన దేశ పెద్దకూర ఉత్పత్తిని దాదాపు 45 లక్షల టన్నులని అంచనా వేస్తోంది, అందులో ఎక్కువ భాగం ఇక్కడే తింటారని కూడా చెబుతోంది. అంచనాలో కొంత అటూఇటూ ఉంటే ఉండొచ్చు, సగానికి సగం తేడా అంటే మాత్రం దేశంలో కోసేదాంట్లో బోలెడంత సర్కారు కంటికి ఆననట్టే. లెక్కలో లేని మాంసానికి ఇన్‌స్పెక్షన్ ఉండదు, జబ్బు వస్తే ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

ఇక నాయకుల నాలుకలు. 2017లో మలప్పురం ఉపఎన్నికలో బీజేపీ అభ్యర్థి నాణ్యమైన బీఫ్ అందేలా చూస్తానని ఓట్లడిగాడు. అదే ఏడాది గోవా అసెంబ్లీలో అప్పటి బీజేపీ ముఖ్యమంత్రి మనోహర్ పారికర్, బీఫ్ కొరత రానివ్వం, కావాలంటే బెళగావి నుంచి తెప్పిస్తాం అన్నారు. 2021లో మేఘాలయ బీజేపీ మంత్రి ఒకాయన చికెన్, మటన్ కంటే బీఫే ఎక్కువ తినమని జనానికి చెప్పాడు. పక్కనే అస్సాంలో అదే పార్టీ ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో హోటళ్ళలో, పబ్లిక్ ప్లేసుల్లో బీఫ్ పెట్టకూడదని తేల్చేసింది. ఓటు ఎక్కడుంటే రుచి అక్కడ. యూపీలో 2017లో అధికారంలోకి రాగానే కబేళాల మీద పడ్డారు, గేదె మాంసం ఎగుమతుల్లో ముందున్న రాష్ట్రం మాత్రం ఇప్పటికీ యూపీనే.

మధ్యలో నలిగేది రైతు. వట్టిపోయిన బర్రెను, పనికిరాని కోడెను సంతలో అమ్ముకుంటేనే ఇంకో పాడి పశువు కొనగలిగేది. సంతకు తోలుకెళ్ళే దారిలో ఎవరాపుతారో, ఎవరు కొడతారో అని కొనేవాడు రావట్లేదు, రేటు పడిపోతుంది. ట్రాక్టర్ కూడా కారణమే అనుకోండి, 2012కీ 2019కీ మధ్య దేశంలో మగ పశువులు, అంటే ఎద్దులు, కోడెలు 30 శాతం తగ్గాయి. అమ్ముడుపోనివి రోడ్డు మీద, 2019 పశుగణనలో వదిలేసిన పశువులు 50 లక్షలు, ఒక్క యూపీలోనే 11 లక్షలకు పైన. గోధుమ చేను చుట్టూ ముళ్ళకంచె వేసుకుని రాత్రంతా టార్చి పట్టుకుని కాపలా కాసే రైతు దగ్గరికి ఏ గోరక్షకుడూ వెళ్ళడు.

మన దగ్గర తక్కువేం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడిచేది 1977 చట్టమే, ఆవుని, దూడని కోయకూడదు, ఎద్దుకి, గేదెకి మాత్రం అధికారి వధకు పనికొస్తుందని సర్టిఫికెట్ ఇస్తే కోయొచ్చు. చట్టం స్పష్టంగా ఉంది, ఆ సర్టిఫికెట్ ఇచ్చే మనిషి ఎక్కడున్నాడో ఏ మున్సిపల్ ఆఫీసులో అడిగినా నీళ్ళు నమలడమే. బక్రీదు ముందు చెక్‌పోస్టులు పెట్టడానికి ఉన్న ఓపిక కబేళాకి నీళ్ళ కనెక్షన్ ఇవ్వడానికి ఉండదు. 2016 ఆగస్టులో అమలాపురం దగ్గర కరెంట్ షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టి కొట్టారు, వాళ్ళు దాన్ని చంపనే లేదు.

అయ్యా పాలకులూ, చేయాల్సిందేమీ బ్రహ్మవిద్య కాదు, మీరే రాసుకున్న చట్టం ప్రకారం ప్రతి మున్సిపాలిటీలో ఒక డాక్టర్‌ని వేయండి, కోసినదానికి స్టాంపు వేయండి, కొట్టుకి లైసెన్స్ ఇవ్వండి, లెక్క రాయండి. లేదూ, మా మనసు ఒప్పుకోదు, ఇది పాపం అంటారా, అయితే రేపే నవాశేవాలో కంటైనర్లు ఆపండి. అప్పుడు ఈ దేశంలో తినేవాడి దగ్గరికి రండి, అప్పటిదాకా వాడి గిన్నె మూత తీసి చూసే హక్కు మీకు లేదు.