పాత తలుపు గడియలను కాల్చమంటున్న సందేశానికి ఖండన

బెంగళూరు బసవనగుడిలోని మా మామగారి పాత ఇంటికి మరమ్మతు చేయిస్తున్నామని తెలిసినప్పటి నుంచి బంధువులూ స్నేహితులూ ఒకే సందేశాన్ని నాకు పంపుతున్నారు. ఈ వారంలోనే అది అయిదుసార్లు వచ్చింది. పాత తలుపుల సామానులో రహస్య చరిత్ర దాగి ఉన్నదంటూ అది అయిదు మాటలు చెబుతున్నది: నలుచదరపు మేకులు ఉంటే ఇల్లు మూడువందల ఏళ్ళ నాటిది, 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉన్న తాళం రెండవ ప్రపంచయుద్ధ సైనికులు వదిలిపోయినది, బరువైన రాగి గుబ్బలలో ఇరిడియం అనే ఖరీదైన లోహం ఉంటుంది, ఇనుము మీది ఎర్రటి అడుగుపూత పూర్వుల మూలికల రంగు, అసలు లోహం బయటపడాలంటే రంగును బ్లో టార్చ్‌తో, అంటే మంట చిమ్మే పరికరంతో, కాల్చి గీకాలి.

మేకుల మాట ముందు చూద్దాం. బసవనగుడీ మల్లేశ్వరమూ 1898 ప్లేగు కాలంలో ఏర్పడిన పేటలు. అక్కడి ఇంటికి మూడువందల ఏళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? నాలుగు వైపులా సన్నబడిన మేకు కమ్మరి సాగగొట్టినది, రెండు వైపులే సన్నబడినది యంత్రం రేకు నుంచి కోసినది. యంత్రాలు వచ్చాక కూడా కమ్మరులు మేకులు కొడుతూనే ఉన్నారు కనుక, ఆ ఆకారం తయారైన తీరును చెబుతుందే గాని సంవత్సరాన్ని చెప్పదు.

'మేడ్ ఇన్ జర్మనీ' ముద్ర 1887లో బ్రిటన్ చేసిన సరకుముద్రల చట్టంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ తాళం యుద్ధానికి ఎన్నో ఏళ్ళ ముందే బజారులో కొన్నది కావచ్చు, సైనికులతో దానికి సంబంధం ఉండనక్కరలేదు.

ఇరిడియం గురించి ఎక్కువ రాయను. రాగి 1,085 డిగ్రీలకు కరుగుతుంది, ఇరిడియం కరగాలంటే 2,400 డిగ్రీలు దాటాలి. గుబ్బలు పోతపోసిన కొలిమిలో అది జరగదు. బియ్యపు గింజలను లాక్కునే మహిమగల రాగి వస్తువులంటూ, రైస్ పుల్లింగ్ పేరుతో జనాన్ని ముంచిన మోసగాళ్ళు చెప్పేదీ ఈ కథే.

మిగిలిన రెండు మాటలను విడదీసి చూడకూడదు, ఎందుకంటే ప్రమాదమంతా వాటిలోనే ఉన్నది. ఎర్రటి అడుగుపూత ఇనుమును కాపాడిందన్నది నిజమేనని ఒప్పుకుంటున్నాను. మా వీధివైపు కిటికీ ఊచలు ఆ పూత నిలిచిన చోట ఈనాటికీ తుప్పు పట్టలేదు. అయితే అది మూలికల రంగు కాదు. ఆ రోజుల్లో అవిసె నూనెతో కలిపి ఇనుముకు పూసిన ఎర్ర పూత చాలాచోట్ల సీసపు సిందూరం, అంటే రెడ్ లెడ్. ఇనుపధాతువుతో చేసిన రెడ్ ఆక్సైడ్ కూడా చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది కనుక కంటితో తేడా తేల్చుకోలేము. దాని మీద వేసిన పసుపు, ఆకుపచ్చ రంగులలో కూడా సీసం ఉండే అవకాశం ఉన్నది. ఇళ్ళ రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందటి పొరలన్నిటినీ అనుమానించవలసిందే.

అటువంటి పూత మీద టార్చ్ మంట పెడితే సీసం పొగగా లేచి, కంటికి కనపడనంత సన్నని పొడిగా నేల మీదా కిటికీ అంచుల మీదా దిగుతుంది. పాకే పిల్ల అరచేతులు ఆ నేల మీదే ఉంటాయి, ఆ చేతులే నోటిలోకి పోతాయి. కడుపులోకి పోయిన సీసాన్ని పసిపిల్లల ఒళ్ళు పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకు హాని లేదనదగిన మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఈ సలహా రాసిన వ్యక్తి తన మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని గడియలు కాల్చగలడా? రోజంతా టార్చ్ పట్టుకుని నిలబడే కూలి మనిషి గురించి ఒక్క క్షణమైనా ఆలోచించాడా? పాత ఇంటి మీద ప్రేమ పేరుతో ఇంత నిర్లక్ష్యాన్ని పంచుతుంటే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఇత్తడి గడియలనూ బందులనూ విప్పి, మళ్ళీ వంటకు వాడని పాత గిన్నెలో సోడా ఉప్పు కలిపిన నీళ్ళు పోసి, పిల్లలు లేని ఆరుబయట సన్నని సెగ మీద కొన్ని గంటలు ఉంచితే రంగు మెత్తబడి పొరలుగా ఊడి వస్తుంది. చేతికి తొడుగులు వేసుకుని తడిగా ఉండగానే తీయాలి. ఎండిన రంగును ఉప్పుకాగితంతో రుద్దకూడదు. ఊచల మీద పూత గట్టిగా ఉంటే దాన్ని కదపకుండా పైన కొత్త రంగు వేయడమే మేలు.

ఇప్పటికే కాల్చినవారు చీపురు పట్టకుండా గదిని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేసి, ఇంట్లో చిన్నపిల్లలు గాని గర్భిణి గాని ఉంటే రక్తంలో సీసం ఎంతున్నదో పరీక్ష చేయించండి.