సైట్‌లో అబద్ధపు అంకె ఎలా పుడుతుంది

సైట్ ఇంజనీరు ఉద్యోగానికొచ్చిన ఏ కుర్రాణ్ణి అడిగినా నిజాయితీ ముఖ్యమనే అంటాడు, మనస్ఫూర్తిగానే అంటాడు. అదే కుర్రాడు ఆర్నెల్లు తిరక్కముందే చెయ్యని స్లంప్ టెస్టుకు (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో మిల్లీమీటర్లలో కొలిచే పరీక్ష) రిజిస్టర్లో 120 అని వేస్తాడు. డబ్బు తీసుకుని వేసేవాళ్లూ ఉన్నారు గానీ, ఎక్కువమంది చేత అలా రాయించేది మొహమాటం, పెద్దవాళ్ల మాట కాదనలేకపోవడం, కంపెనీకి నష్టం రాకూడదనే తపన. ఇవి కూడా ఇంట్లో నేర్చుకున్న విలువలే. వీటిని నిజాయితీతో పోటీకి దింపి, ఆ తర్వాత “ఈ తరానికి విలువల్లేవు” అనే పెద్దల మీదే నా కోపమంతా.

స్లాబు రోజు చూడండి. 6 ఘనపు మీటర్ల ఎం25 గ్రేడు కాంక్రీటు లోడు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వస్తుంది. మాలు బిగుసుకుంది, పంపు లాగట్లేదు. ఇరవయ్యేళ్లు పని చేసిన మేస్త్రీ “ఓ వంద లీటర్లు కొట్టించండి సార్, ఏం కాదు” అంటాడు. లెక్క వేద్దాం. ఘనపు మీటరుకు 340 కిలోల సిమెంటు, 160 లీటర్ల నీళ్లు ఉన్న మిక్స్ అయితే నీళ్ల పాళ్లు సిమెంటులో 0.47. ఆ వంద లీటర్లు కలిస్తే 0.52 అవుతుంది. ఒక మోస్తరు వాతావరణానికి ఐఎస్ 456:2000 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) పెట్టిన హద్దు 0.50. అలాగని స్లాబు కూలిపోదు. అందుకే తప్పు చేశామని ఎవరికీ అనిపించదు. మిగులు నీళ్లు ఆరిపోయాక మిగిలిన సన్నటి దారుల్లోంచి తేమా గాలీ ఊచల దాకా చేరతాయి. కొన్నేళ్లకు తుప్పు ఉబ్బి, పెచ్చులూడతాయి. అప్పటికి ఆ రిజిస్టర్ ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు.

చెయ్యాల్సిందేమిటంటే, మాలు పంపిన ప్లాంటు క్వాలిటీ వాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పిన మోతాదులో అడ్మిక్చర్ (నీళ్లు పొయ్యకుండానే మాలును జారుగా చేసే రసాయనం) వేసి, డ్రమ్మును కొన్ని నిమిషాలు వేగంగా తిప్పించి, మళ్లీ స్లంప్ తియ్యాలి. అప్పటికీ రాకపోతే బండి వెనక్కి పోవాలి. కానీ పంపు అద్దె నడుస్తుండగా, సెంట్రింగ్ వాళ్లంతా చూస్తుండగా, తన తండ్రి వయసు మనిషికి ఎదురుచెప్పి బండి తిప్పి పంపమని ఇరవై రెండేళ్లవాడికి చెప్పడం అన్యాయం. ఆ నిర్ణయాలు ముందురోజే కాగితం మీద ఉండాలి: స్లంప్ ఎంత నుంచి ఎంతదాకా ఒప్పుకుంటాం, మిక్స్ కలిపి ఎన్ని నిమిషాలు దాటితే బండి వద్దంటాం, మధ్యలో ఆగితే పాత మాలుకూ కొత్త మాలుకూ మధ్య జాయింట్ ఎక్కడ వదులుతాం, ఇంకో బండి ఎవరు పంపుతారు. మేస్త్రీ కూడా అందులో సంతకం పెట్టాలి. అప్పుడు “మనం రాసుకున్నదే కదా మేస్త్రీగారూ” అంటే సరిపోతుంది, ఎవరి మర్యాదకూ భంగం రాదు.

క్యూబుల (బలం చూడ్డానికి అదే మాలుతో పోసి, గట్టిపడ్డాక మిషన్‌లో పగలగొట్టే దిమ్మల) సంగతి ఇంకా ఘోరం. 150 మిల్లీమీటర్ల క్యూబు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలానికి (ఎం25 అంటే అదే) 562.5 కిలోన్యూటన్ల లోడు మోయాలి. లోడు పెంచాల్సిన వేగం సెకనుకు సుమారు 5.25 కిలోన్యూటన్లు. అంటే 700 దగ్గర పగిలే క్యూబుకు మిషన్ మీదే రెండు నిమిషాలకు పైన పడుతుంది. తూకం, కొలతలు, సర్దడం వేరే. పన్నెండు క్యూబులు పావుగంటలో పగిలాయని రాసి ఉంటే అవి మిషన్ ఎక్కలేదనే అర్థం. నెలల తరబడి బలం 31.2, 31.4, 31.3 అని వరసగా ఉన్నా నమ్మకండి, నిజం కాంక్రీటులో ఎగుడుదిగుళ్లు ఉంటాయి. రిజిస్టర్లో బలం ఒక్కటే అడిగితే అంకె వండడం తేలిక. ప్రతి క్యూబుకూ బరువు, పగిలిన లోడు, టైము, పగిలిన తీరు ఫొటో అడగండి. బరువు 8 కిలోల చుట్టుపక్కల ఉండాలి. బాగా తగ్గితే పోసేటప్పుడు సరిగ్గా కూరలేదని అక్కడే తెలుస్తుంది.

క్వాలిటీ ఇంజనీరు జీతం పెంచేదీ, సెలవిచ్చేదీ ప్రాజెక్టు మేనేజరే అయితే పైవేవీ నిలబడవు. గడువుకు జవాబుదారీ అయిన మనిషి కింద నాణ్యతను పెట్టడమేమిటి? క్వాలిటీ ఇంజనీరు హెడ్డాఫీసుకే నేరుగా రిపోర్టు చెయ్యాలి.

ఇక తక్కువొచ్చిన ఫలితం. 7 రోజులకు పగలగొట్టిన క్యూబు బలం తగ్గిందని చెప్పినవాణ్ణి మీటింగులో నిలబెట్టి కేకలేస్తారు. క్యూబు ఫెయిలైతే కొంప మునిగినట్టే అన్న భయం సగం అజ్ఞానం. కోర్లు (గట్టిపడ్డ కాంక్రీటులోంచి డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి ముక్కలు) తీసి చూడమని ఐఎస్ 456లోనే ఉంది: కనీసం మూడు తియ్యాలి, సగటు ఆ గ్రేడు క్యూబు బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. అదీ తేలకపోతే కట్టడం మీదే బరువు పెట్టి చూసే లోడ్ టెస్టు ఉంది. కాకపోతే కోరు ఎక్కడ తియ్యాలో తెలియాలంటే ఏ బండి మాలు ఏ గడిలో పడిందో పోసేటప్పుడే ప్లాన్ మీద గుర్తుపెట్టి ఉండాలి. ఆ ప్లాన్ మీద అదే సాయంత్రం మేనేజరు కూడా సంతకం పెట్టాలి.