సస్పెన్స్ ఖాతా గారి సముఖమునకు

ఎక్కడ రాయాలో తెలియని ఎంట్రీలకు ఆశ్రయమిచ్చే మహారాజశ్రీ సస్పెన్స్ ఖాతా గారి సముఖమునకు, బెజవాడ వన్‌టౌన్‌లో ఓ స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపు గుమాస్తా నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం ప్రతి నెలా ట్రయల్ బ్యాలెన్స్‌లో (అన్ని ఖాతాల నిల్వల పట్టీ) చూస్తూనే ఉన్నాం. బాగా ఒళ్లు చేశారు.

మీ హోదా ఏమిటో నాకు ఆలస్యంగా తెలిసిందండీ. కంప్యూటర్లో లెక్కలు రాసే టాలీలో కొత్త కంపెనీ తెరిస్తే, ఖాతాలను సర్దడానికి 28 గ్రూపులు ముందే ఉంటాయి. వాటిలో 15 ప్రైమరీ, అంటే ఇంకో గ్రూపు కింద ఉండనివి. క్యాపిటల్, సేల్స్, పర్చేజ్ కూర్చున్న వరసలోనే మీకూ కుర్చీ వేశారు! బ్యాంక్ అకౌంట్లకు కూడా ఆ భాగ్యం లేదు, వాటిని కరెంట్ అసెట్స్ చూరు కింద సర్దారు. మీకు ఇంత మర్యాద ఎందుకయ్యా అంటే, ఏ ఎంట్రీ ఎక్కడ వేయాలో తేలేదాకా నాలుగు రోజులు ఉండి వెళ్తారని. మీరేమో పెళ్లికొచ్చి పురుడు దాకా ఉండిపోయిన చుట్టమయ్యారు.

తప్పంతా మీదే అనను. మా ముందటి గుమాస్తా ఓచర్ (లావాదేవీ ఎంట్రీ) రాస్తూ మధ్యలోనే ఆల్ట్-సి కొట్టి కొత్త లెడ్జర్లు, అంటే ఖాతాలు, పుట్టించేవాడు. ఒకే పార్టీకి 'శ్రీ'తో ఒకటి, 'శ్రీ' లేకుండా ఒకటి, ముందు 'మెస్సర్స్' తగిలించి ఇంకొకటి. బిల్లు ఒకదాంట్లో, జమ ఇంకోదాంట్లో. ఇక హమాలీ సంగతి. కొన్న సరుకు దించిన కూలీ డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్‌లోకి పోవాలి, అమ్మిన సరుకు లారీకెక్కించిన కూలీ ఇన్‌డైరెక్ట్‌లోకి. అటుది ఇటు వేస్తే నెట్ ప్రాఫిట్ మారదు గానీ గ్రాస్ ప్రాఫిట్ తారుమారవుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి ఇది చెప్పేంత తీరిక ఎవరికుంది? రెండూ తెచ్చి మీ ఒళ్లో పెట్టాడు.

క్యూఆర్ కోడ్ వచ్చాక మీ దశ తిరిగింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇంత పొడుగు నంబరుంటుంది, ఎవరు వేశారో తెలియదు. సరే, మీకే జమ. నెలాఖరున బాకీ అడుగుదామని నూజివీడు పార్టీకి ఫోన్ చేస్తే, "ఏంటన్నా, పదిహేనో తారీఖే కొట్టాను కదా!" అని ఆయన కేకలు. వచ్చేసిన డబ్బేనండీ, కానీ మీ పేరు మీద బ్యాలెన్స్ షీట్లో అప్పుల వైపు దర్జాగా కూర్చుని ఉంది.

మీకు అసలైన పోషకులు మా ఓనర్ గారు. ఇంటికి ఏసీ కొన్నా, తిరుపతి వెళ్లొచ్చినా షాపు డబ్బే. క్యాపిటల్ కింద డ్రాయింగ్స్ (ఓనర్ సొంతానికి తీసుకున్న డబ్బు) అని ఓ లెడ్జర్ పెడదామండీ అన్నాను ఒకసారి. "నా షాపులో నేను పది రూపాయలు తీసుకుంటే దానికో ఖాతానా?" అన్నారు. అప్పటినుంచి ఏసీ మీ దగ్గరే చల్లగా ఉంది.

ఆడిటర్ గారు వచ్చే ముందు మిమ్మల్ని ఆల్ట్-డి కొట్టి తీసేద్దామని కూడా చూశాను, దాచడమెందుకు. ఓచర్లున్న లెడ్జర్ డిలీట్ కాదట. పైగా వెతికితే మీకు తమ్ముళ్లు కూడా బయటపడ్డారు: 'సస్పెన్స్-2', 'సస్పెన్స్ కొత్తది', 'ఆడిటర్ సార్‌ని అడగాలి'. ఆ మూడోవాడి పేరు మీద మూడేళ్లుగా రూ. 18,450 ఉంది. ఆడిటర్ సార్‌ని అడిగితే, "ఇదేంటయ్యా?" అని నన్నే అడిగారు.

మొన్న మార్చి 31న రాత్రి పదకొండు దాకా కూర్చుని మీ ఎంట్రీలు ఒక్కొక్కటే పట్టుకుని సొంతిళ్లకు పంపాను. హమాలీ హమాలీలోకి, నూజివీడు నూజివీడులోకి, ఏసీ కూడా డ్రాయింగ్స్‌లోకి (ఓనర్ గారికి చెప్పలేదు, మీరూ చెప్పకండి). మీ బ్యాలెన్స్ సున్నా. కళ్లారా చూసి టీ తాగాను.

ఏప్రిల్ 1 పొద్దున్నే ఓనర్ గారి ఫోన్: "ఒక అయిదు వేలు తీశానయ్యా, ప్రస్తుతానికి ఎక్కడో అక్కడ వేసెయ్, తర్వాత చెప్తా."

మీ గది ఊడ్పించి ఉంచాను. దయచేయండి.

ఇట్లు,
మీ విధేయ గుమాస్తా